పదికి మూడు

కోర్టులో చీలమండల దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి, అయినా బంతి ఆ నీళ్ల మీదే తడవకుండా ఎగురుతోంది, పైడితల్లి దాన్ని ఎడమచేత్తో కొట్టుకుంటూ ఎవరి వైపూ చూడకుండా వస్తోంది, బెంచీ మీద సన్యాసినాయుడు మాస్టారు మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని ఏదో రాసుకుంటున్నారు. ఆయన పోయి ఏడాదైందని నాకు తెలుసు. తెలిసినా ఆశ్చర్యం కలగడం లేదు. ఆయన పక్కన చోటు ఖాళీగా ఉంది, వెళ్లి కూర్చుంటున్నాను, ఇరవై రెండేళ్లు అలా కూర్చున్నదాన్నే కదా, మొదట ఆయన జట్టులో ఆడుతూ, తర్వాత ఆయనకి అసిస్టెంట్ కోచ్‌గా.

"ఏటమ్మీ, తీసుకుందామా ఈ పిల్లని?" అంటారు మాస్టారు, తల ఎత్తకుండానే.

అయితే ఇది ఆ రోజే. మా సంస్థ మహిళల జట్టుకి స్పోర్ట్స్ కోటాలో ఒక్క ఉద్యోగం వచ్చిన రోజు, ఇద్దరమ్మాయిలు మిగిలిన రోజు. ఒకమ్మాయి ఎక్కణ్ణుంచి వేసినా బంతి బాస్కెట్‌లో పడుతుంది. రెండోది ఈ పైడితల్లి, గజపతినగరం దగ్గర పల్లె, పాయింట్ గార్డ్. బంతిని ముందుకి తెచ్చేదీ, ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో చూసేదీ, వాళ్ల చేతికి అందించేదీ ఆ మనిషే. ఆ పని ఈ పిల్ల చేసినట్టు చేసినవాళ్లని నేను చూడలేదు. కానీ ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి వేసే ఫ్రీ త్రోలు పది వేయమంటే మూడు పడ్డాయి. ఆ రోజు తీసుకుందామన్నది మాస్టారు. వద్దన్నది నేను. పైఆఫీసరుకి ఆట తెలియదు, నా మాటే విన్నాడు.

"తీసుకుందాం మాస్టారూ," అంటున్నాను ఇప్పుడు, ఎంతకాలంగానో నోట్లో నానుతున్న మాట.

"షాట్ లేదు కదమ్మీ," అంటారాయన.

ఆ మాట నాది. ఆ రోజు నేనన్నది ఇప్పుడు ఆయన అంటున్నారు. "షాట్ నేర్పొచ్చు, చూపు నేర్పలేం అని మీరే అన్నారు," అంటాను. బెంచీ ఎప్పుడు కదిలిందో గాని ఇప్పుడు మేం పొడవాటి వరండాలో కూర్చుని ఉన్నాం, కోర్టు ఆ చివర తలుపుల అవతల చిన్నగా కనిపిస్తోంది, ఫినాయిల్ వాసన వేస్తోంది.

"అన్నానా? గుర్తులేదు." ఆయన అట్ట మీద వేలితో గీస్తున్నారు. "ఇరవయ్యొక్కేళ్లకి చెయ్యి కుదరకపోతే ఇంకెప్పుడు కుదుర్తాది? అవతలోళ్లు ఈ పిల్లని వదిలీసి, మిగతా నలుగురి మీదా పడతారు. అయిదుగురం ఆడాల్సింది నలుగురమే ఆడినట్టు ఉంటాది."

అవీ నా మాటలే, ఒక్కటి కూడా పొల్లు పోకుండా. ఎదురు చెప్పడానికి నా దగ్గర ఉన్నవన్నీ ఆయన మాటలు. అవి ఒక్కొక్కటే చెబుతున్నాను. బంతి ఈ పిల్ల చేతిలో ఉంటే పక్కవాళ్లు పరిగెత్తడం చూడండి మాస్టారూ, అలిసిపోయిన పిల్ల కూడా పరిగెడుతుంది, వస్తుందని నమ్మకం కాబట్టి పరిగెడుతుంది అని చెబుతున్నాను, ఆయన కొత్తగా విన్నట్టు మర్యాదగా తలాడిస్తున్నారు. ఆయన కోప్పడితే బాగుండును. బతికుండగా కోప్పడినట్టు అట్ట నేలకేసి కొడితే బాగుండును.

"నువ్వు కూడా పదికి నాలుగే వేసినావు," అంటారు ఉన్నట్టుండి.

ఆ రోజూ అదే అన్నారు. నేను పాయింట్ గార్డ్‌నే, నాకూ షాట్ లేదు, అయినా పట్టుబట్టి నన్ను తీసుకున్నది ఆయనే. తొమ్మిదేళ్లు ఆడాను. చివరి ఏడాది రాష్ట్ర ఫైనల్లో అవతలి జట్టు నా మీద మనిషినే పెట్టలేదు. "ఇందిరని వదిలీయండే, ఆవిడ వెయ్యలేదు," అని వాళ్ల కోచ్ అరుస్తుంటే జనం నవ్వారు. ఎదుట ఎవరూ లేని ఆ ఖాళీలో నిలబడి నేను వేసిన బంతి రింగుని కూడా తాకలేదు, ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. పైడితల్లికి ఆ గతి పట్టకూడదనే వద్దన్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ పిల్ల ఆడుతుంటే రోజూ కోర్టు పక్కన నిలబడి నన్ను నేను చూసుకోలేక వద్దన్నాను.

"ఆ మాటకి ఆ రోజు నేనేమన్నానో గుర్తుందా మాస్టారూ?"

"నన్ను తీసుకుని మీరేం గెలిచారు, అన్నావు."

అవును. ఆయన మెళ్లో విజిల్ తీసి జేబులో వేసుకుని వెళ్లిపోయారు. తర్వాత రెండు నెలలే ఉన్నారు.

"ఆసుపత్రికి వచ్చినావు కదా," అంటారు. వరండాలో ఒక తలుపుకి గుండ్రటి అద్దం ఉంది, అటు చూపిస్తున్నారు. "అక్కడ నిల్చున్నావు. ఆకుపచ్చ చీర."

"మీరు నిద్రపోతున్నారని వెళ్లిపోయాను."

"కళ్లు మూసుకున్నాను, అంతే. లోపలికి వస్తావేమో అని."

నాకు ఏడుపు రావడం లేదు, రావాల్సిన చోట నీళ్లే పెరుగుతున్నాయి, వరండా నిండా, మోకాళ్ల దాకా. "వచ్చి ఉంటే ఏమనేవారు?"

"ఏటంటాను?" అని ఆయన ఆలోచిస్తున్నారు, నిజంగానే, నుదురు ముడేసి. "నువ్వడిగినదానికి జవాబు వెతికాను. ఆ మంచం మీద ఇంకేటి పని? ఆడిన ఆటలన్నీ ఒకటొకటిగా తీసి చూసుకున్నాను. దొరకలేదమ్మీ. గెలిచింది ఏటీ కనబళ్లేదు."

ఈ మాట ఆయన అనరనుకున్నాను. చచ్చిపోయాక మనుషులు క్షమిస్తారనీ, కనీసం కలలో అయినా ఓదారుస్తారనీ అనుకున్నాను. ఆయన మొహంలో ద్వేషం లేదు, దయా లేదు, లెక్క తేలని మనిషి అలసట ఉంది.

పైడితల్లి నీళ్లలోంచి నడిచి వచ్చి మా ముందు నిలబడింది. ఆ ఉద్యోగం రాకపోయాక భీమిలి వైపు రొయ్యల కంపెనీలో చేరిందని విన్నాను, ఆట మానేసిందని కూడా. వేళ్లు తెల్లగా నాని, ముడతలు పడి ఉన్నాయి. "ఐసులో ఉండి ఉండి మొద్దుబారిపోనాయి మేడం," అంటోంది, ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా. "బంతి తెలీట్లేదు చేతికి. ఓపాలి వెయ్యమంటారా?"

"వెయ్యక్కర్లేదు," అంటున్నాను. "నువ్వు వెయ్యక్కర్లేదమ్మా."

మాస్టారు అట్ట నా ఒళ్లో పెట్టారు. ఆ పిల్ల పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. కాగితం ఇంకా పొడిగానే ఉంది. ఇంకా ఆలస్యం కాలేదు, రెండు నెలలు ఇంకా గడవలేదు, రొయ్యలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి.

"రాయి మరి. నోటితో చెప్పి రాయి, అందరికీ వినబడాల," అంటారు.

"తీసుకుందాం," అంటున్నాను. గొంతు సరిపోవడం లేదు. లేచి నిలబడి మళ్లీ అంటున్నాను, వరండా చివరి దాకా వినబడేలా, అద్దం తలుపు వెనక ఉన్నవాళ్లకి కూడా వినబడేలా, తీసుకుందాం, తీసుకుందాం, ఈ పిల్లని తీసుకుందాం. మాస్టారు మొదటిసారి తల ఎత్తి నా మొహంలోకి చూస్తున్నారు. విన్నారు. ఆయన విన్నారని నా ఒళ్లంతా తెలుస్తోంది, ఏడాదిగా ఛాతీ మీద ఉన్న బరువు పక్కకి జరుగుతోంది, ఆయన నోరు విప్పి ఏదో అనబోతున్నారు.

భుజం మీద ఎవరిదో చెయ్యి.

కళ్లు తెరిస్తే బస్సు. విజయనగరంలో మాస్టారి సంవత్సరీకానికి వెళ్లి విశాఖ తిరిగి వస్తున్నాను. మధ్యాహ్నపు ఎండ మొహం మీద పడుతోంది. పక్క సీట్లో, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకున్న పెద్దావిడ నా వైపు వంగి చూస్తోంది.

"ఏటమ్మా, నిద్దట్లో ఒకటే కలవరిస్తన్నావు," అంది. "అందుకే లేపినాను. వద్దు, వద్దు అని."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఇంకేమీ అనలేదా?" అని అడిగాను.

"నేదమ్మా," అందావిడ. "వద్దు. అంతే. నాలుగైదుసార్లు అన్నావు."