మొహం వేలాడేయని పిల్ల

మోకాళ్ల నొప్పి మొదలయ్యాక ధ్యాసంతా దానిమీదికే పోయి, ఆ పిల్లకు చదివే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండటం లేదు. పరీక్షలో ఎక్కువ సమయం అడుగుదామని తల్లి ఆమెను హెడ్‌మిస్ట్రెస్ గదికి తీసుకొచ్చింది.

"మొహం కాస్త వేలాడేసుకుని కూర్చో తల్లీ. నవ్వావంటే ఎవరూ నమ్మరు," అని గుమ్మం దగ్గరే బతిమాలింది.

లోపల ఫ్యాన్ గాలికి బల్ల మీది కాగితాలన్నీ ఒక్కసారిగా లేచాయి. హెడ్‌మిస్ట్రెస్ రెండు చేతులూ చాలక గడ్డంతో కూడా వాటిని అదిమిపట్టింది. పిల్ల కిసుక్కున నవ్వింది.

"నొప్పన్నారు, శుభ్రంగా నవ్వుతోందిగా!" అంది హెడ్‌మిస్ట్రెస్.

"అంటే... అదీ..." తల్లి నీళ్లు నమిలింది.

"నువ్వుండమ్మా," అంది పిల్ల. "ఇప్పుడూ నొప్పిగానే ఉంది మేడమ్, రోజూ ఉంటుంది. అది తగ్గాకే నవ్వాలంటే నేనింకెప్పుడు నవ్వాలి?"

హెడ్‌మిస్ట్రెస్ పుస్తకంలో ఒక పాఠం తెరిచి చేతికిచ్చి, చదివి అర్థమైంది చెప్పమంది. పిల్ల చదివింది. సగంలో దారి తప్పి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారీ తప్పేసరికి ఉక్రోషంతో కళ్లు ఎర్రబడ్డాయి.

"చాల్లే, ఇలా ఇచ్చెయ్," అంటూ ఆవిడ చెయ్యి చాపింది.

పిల్ల పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. "ఇవ్వను. నాకొచ్చు మేడమ్. ఆలస్యంగా వస్తుంది, అంతే."

మూడోసారి చదివి, పాఠమంతా ఒక్క ముక్క పోకుండా సొంత మాటల్లో చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అరగంట ఎక్కువిస్తాను. చాలా?"

"అంతకంటేనా అండీ, చాలు!" అని తల్లి చేతులు జోడించింది.

"చాలదు మేడమ్," అంది పిల్ల. "గంట కావాలి."