తాళంచెవి మాట వినని పంపు

సతుర్నినా మినీబస్సు మనిషి చెయ్యెత్తితే ఆగేది, కొండ ఎదురైనా ఆగేది. లా పాజ్ లోయ నుంచి కొండ మీది మా ఎల్ ఆల్తో ఊరికి ఎక్కే దారిలో, గాలి పలచబడే పెద్ద మలుపు దగ్గర సగం మంది దిగి నడిచేవాళ్లు. ఆమె మలుపు దాటాక ఆగి, వాళ్లను మళ్లీ ఎక్కించుకునేది. వెనక బండ్లవాళ్లు ఆమె ఏడు తరాలనూ తిట్టేవారు. చివరికి దోన్ రెంబెర్తో అనే డ్రైవర్ల సంఘం పెద్ద తేల్చి చెప్పాడు. శుక్రవారం నిండు బండితో ఆగకుండా ఎక్కితే సరి, లేకపోతే ఆ లైను ఇంకొకరికి ఇస్తారు. ఆమెకు తెలిసిన బతుకు ఆ లైనొక్కటే.

అందుకని ఆమె తమ్ముడు ఇలారియోన్ ఇంజినులోకి గాలి ఎక్కువ ఊది బలమిచ్చే టర్బో ఒకటి పాత బండిలోంచి విప్పి తెచ్చాడు. ఇంజిను పక్కన చోటు లేక బండి పొట్ట కింద బిగించాడు. టర్బోకు నూనె ఇంజిను నుంచి వస్తుంది. తిరిగి పైకెక్కడానికి నూనెకు కాళ్లు లేవు కదా, దాన్ని తోడి పంపడానికి చిన్న కరెంటు పంపు పెట్టాలి. ఆ పంపుకు వైర్లు లాగింది, బండ్లకు కరెంటు పని చేసే నేను. బ్యాటరీ నుంచి ఫ్యూజు, అక్కణ్ణుంచి రిలే, రిలే నుంచి పంపు. తాళంచెవి తిప్పితే రిలే కలిసి పంపు తిరుగుతుంది. తిరుగుతున్నట్టు తెలియడానికి డ్రైవరు ముందు పచ్చ దీపం కూడా పెట్టాను. నా పని మీద నాకు గర్వం ఎక్కువ. వంక పెట్టేవాళ్ల మీద కోపం ఇంకా ఎక్కువ.

బుధవారం సతుర్నినా ఖాళీ బండితో లోయలోకి దిగి చూసింది. అడుగుకు చేరి ఇంజిను స్టార్టు చెయ్యగానే సైలెన్సరు నుంచి నీలం పొగ కమ్మేసిందట. అక్కాతమ్ముళ్లిద్దరూ నా షెడ్డుకు వచ్చి పడ్డారు.

"నీ పంపు నిద్రపోయింది మేస్త్రీ" అన్నాడు ఇలారియోన్.

"పంపు నిక్షేపంగా ఉంది. నీ టర్బోయే ముసలిది. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట నీలాంటివాడెవడో."

"ఆ మద్దెల బిగించింది నువ్వేగా."

షెడ్డులో ఎంతసేపు ఇంజిను నడిపినా చుక్క పొగ రాలేదు. మర్నాడు పొద్దున ఆమె మళ్లీ దిగింది, మళ్లీ పొగే. ఈసారి సతుర్నినా మా ఇద్దరి వంకా చెరో చూపు చూసింది.

"కొట్టుకోండి, బాగా కొట్టుకోండి. నా లైను పోయాక తీరిగ్గా రాజీ పడుదురు గాని."

నాకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం నేనూ బండెక్కి ఆమె పక్కన కూర్చున్నాను.

దిగుడు మొదలైంది. మూడో గేరులో పెట్టి, పిండి ధర గురించి ఏదో చెబుతూనే ఆమె తాళంచెవిని వెనక్కి తిప్పేసింది. పచ్చ దీపం ఆరిపోయింది.

"అక్కా, ఇప్పుడేం చేశావ్?"

"ఏం చేశాను?"

"ఇంజిను కట్టేశావు."

"కట్టెయ్యక? పెట్రోలు క్యూలో తెల్లవార్లూ నించున్నది నువ్వా, నేనా? దేవుడే కిందికి తోస్తుంటే ఇంజినుకు తిండెందుకు దండగ?"

మా డ్రైవర్లు సగం మంది చేసే పనే అది. అయినా నా బుర్రకు తట్టలేదు. గేరులో ఉన్న బండి చక్రాలు ఇంజినును తిప్పుతూనే ఉన్నాయి. ఇంజిను టర్బోలోకి నూనె పోస్తూనే ఉంది. తోడాల్సిన పంపు మాత్రం, నా వైరింగు పుణ్యమా అని, ఆగిపోయింది. లోయకు చేరేసరికి టర్బో నిండా నూనె, స్టార్టు చెయ్యగానే అదే మండి నీలం పొగ.

"రేపు మాత్రం కట్టెయ్యకు అక్కా" అన్నాను.

"నేను కట్టెయ్యను మేస్త్రీ. నా చెయ్యి కట్టేస్తుంది." నవ్వింది గాని కళ్లలో భయం కనపడింది. "రెంబెర్తో పక్కన కూర్చుంటే కంగారులో నా పేరే మర్చిపోతాను. ఇది గుర్తుంటుందా?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మనిషి చెయ్యి మార్చడం కన్నా వైరు మార్చడం తేలిక. ఇంజినులో నూనెకు ఒత్తిడి పుట్టగానే కలిసే స్విచ్చు ఒకటి బిగించి, రిలేను తాళంచెవి నుంచి విడదీసి దానికి కలిపాను. నూనె కదిలితే పంపు కదలాల్సిందే, తాళంచెవి ఎటు తిరిగినా సరే. ఇలారియోన్ పక్కన కూర్చుని వైర్ల తొక్క ఒలిచి ఇచ్చాడు. వాడి క్షమాపణ అదేననుకున్నాను.

శుక్రవారం మా ఆనవాయితీ ప్రకారం చక్రాల మీద బీరు చిలకరించి, భూమితల్లికి మొక్కి, అద్దానికి రంగు కాగితాలు చుట్టి బయలుదేరాం. దోన్ రెంబెర్తో ముందు సీట్లో, నేను వెనక. దిగుడు రాగానే ఆమె చెయ్యి తన పని తాను చేసింది. తాళంచెవి తిరిగింది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

లోయలో బండి కిటకిటలాడేలా నిండింది. రోజూ మలుపు దగ్గర దిగి నడిచే ఫోర్తునాతా అవ్వ కూడా మూటతో ఎక్కింది. సతుర్నినా ఇంజిను స్టార్టు చేసింది. వెనక్కి తిరిగి చూశాను, పొగ లేదు.

బండి ఎక్కుతోంది. టర్బో సన్నగా ఈల వేస్తోంది. మలుపు కనిపించగానే అవ్వ అలవాటుగా లేచి, మూట వీపుకెత్తుకుని తలుపు దగ్గరికి వచ్చింది.

"ఆపు తల్లీ, మలుపొచ్చింది."

సతుర్నినా యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు. "కూర్చో అవ్వా. ఇవాళ దిగే పని లేదు."

మలుపు కిందికి జారిపోయింది. దోన్ రెంబెర్తో అద్దం మీద ఊడిపోతున్న రంగు కాగితాన్ని సరిచేసి కట్టాడు. అవ్వ మాత్రం కడ్డీ పట్టుకుని, తను ఇన్నేళ్లూ నడిచిన ఆ రోడ్డు ముక్కనే చూస్తోంది.

"మరి రేపో?" అంది.

"రేపూ లేదవ్వా" అంది సతుర్నినా.

అప్పుడు అవ్వ మూట దించుకుని కూర్చుంది.