ముసురులో వార్నిష్

అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడిపే హైమవతికి ఎవరైనా పని చేస్తుంటే చూస్తూ కూర్చోవడం చేతకాదు. కుళాయి కారితే తనే వాషర్ మారుస్తుంది, ఫ్యూజు పోతే తనే స్టూలెక్కుతుంది. అందుకే వడ్రంగి ఓదెలు కొత్త బల్ల తెచ్చి నిలబెట్టి, "పాలిష్ పట్టేటోళ్ళు గీ ముసురుల రారమ్మా, జర ఆగుదాం" అన్నప్పుడు ఆమె నవ్వేసింది.

"ఆ మాత్రానికి వాళ్ళెందుకు ఓదెలూ? ఏం డబ్బాలు కొనాలో చెప్పు, నేనే పూస్తాను."

పంజాగుట్టలో పడగొట్టిన ఒక పాత ఇంటి టేకు తలుపులతో చేయించిన పొడుగాటి బల్ల అది. ఇన్నాళ్ళూ హాస్టల్ పిల్లలు మంచాల మీద కూర్చుని, ఒళ్ళో కంచం పెట్టుకుని, ఫోను చూసుకుంటూ తినేవాళ్ళు. అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి తినిపించాలని హైమవతికి ఎప్పటినుంచో కోరిక. దానికి ముహూర్తం కూడా కుదిరింది. కోర్సు మీద కోర్సు చేసి, ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి, హాస్టల్లో ఉండే పింకీ ఉద్యోగం సంపాదించింది. ఆదివారం మధ్యాహ్నం ఆమె తల్లి చంద్రమ్మ జనగామ నుంచి వచ్చి హాస్టల్లో అందరికీ తన చేత్తో వండి పెడతానంది.

హైమవతి ముందు చెక్కకు గోధుమరంగు స్టెయిన్ పట్టించి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేసింది. అది చక్కగా ఆరింది. తొందరపడిందల్లా వార్నిష్ దగ్గరే. ఓదెలు చెప్పినట్టు మూడేసి పూతలెందుకు, ఒక్కటే దట్టంగా వేస్తే సరిపోదా అనుకుంది.

గురువారం పొద్దున బల్ల అద్దంలా మెరుస్తోంది. పింకీ ముచ్చటపడి వేలు ఆనించింది. వేలిముద్ర అచ్చు గుద్దినట్టు పడింది.

"అయ్యో ఆంటీ, గిది ఆరలే! చెయ్యి అంటుకుంటున్నది."

కబురు అన్ని గదులకూ పాకింది. అనుపమ అనే రాజమండ్రి పిల్ల పరుగున పోయి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు తెచ్చారు. ముగ్గురూ బల్లకు మూడువైపులా నిలబడి వేడిగాలి కొట్టారు. హైమవతి కూడా ఉత్సాహంగా "ఇంకాస్త దగ్గరగా పెట్టండమ్మా" అంది. కాసేపటికి మెరుపు మీద చిన్న చిన్న బుడగలు లేచాయి. డ్రయ్యర్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

"ఏంటి ఆంటీ ఇది? పాడైపోయిందా?" అంది అనుపమ ఏడుపు గొంతుతో.

హైమవతి కూడా లోపల ఉలిక్కిపడింది. కానీ గోటితో ఒక బుడగను గిల్లి చూసింది. పైన సన్నటి పొర కట్టింది గానీ కింద జిగురు జిగురుగా పచ్చిగానే ఉంది. ఆమెకు తను పెట్టే వడియాలు గుర్తొచ్చాయి. లావుగా పెట్టిన వడియం పైకి ఎండినట్టే ఉంటుంది, విరిస్తే లోపల పిండి. అప్పడం పల్చన కాబట్టే నీడలో కూడా ఆరుతుంది. ఇక్కడా అంతే. ఈ పూత వారమైనా ఆరదు.

"ఏం పాడవలేదు. తీసేసి మళ్ళీ వేద్దాం. పాత చున్నీలుంటే పట్రండి."

రేకుతో మెల్లగా గీకి, టర్పెంటైన్ తడిపిన గుడ్డలతో తుడిచి, గరుకు కాగితంతో నునుపు చేశారు. రంగు పోయినచోట స్టెయిన్ మళ్ళీ అద్ది తుడిచింది హైమవతి. కానీ భోజనాల హాల్లో గోడలకే చెమ్మ. బట్టలే ఆరని చోట వార్నిష్ ఏం ఆరుతుంది? హాస్టల్ మొత్తంలో ఏసీ ఒక్కటే. అది ఆమె పడకగదిలో ఉంది.

"నా మంచం బయటికి లాగండి," అంది.

"మరి మీరెక్కడ పడుకుంటరు ఆంటీ?" అంది పింకీ.

"మీ గదిలో. నాకు కాస్త చోటివ్వవా?"

బోల్టులు విప్పి కాళ్ళు ఊడదీసి, బల్లపలకను మోసుకెళ్ళి నాలుగు స్టూళ్ళ మీద పడుకోబెట్టారు. ఏసీని తేమ లాగే డ్రై మోడ్‌లో పెట్టింది హైమవతి. టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పింది, గాలి ఆడాలి గానీ దుమ్ము వచ్చి తడి మీద వాలకూడదు. వాసన పోవడానికి పక్క బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసింది. వార్నిష్‌లో కొంచెం టర్పెంటైన్ కలిపి, ఈసారి కుంచెను డబ్బా అంచుకు రాచి రాచి, ఉందా లేదా అన్నంత పల్చగా పూసింది.

సాయంత్రానికి చేతికి అంటలేదు. మర్నాడు సన్నటి కాగితంతో తడిమినట్టుగా రుద్ది రెండో పూత వేసింది, శనివారం తెల్లవారగానే మూడోది. బయట ముసురు పట్టిన పట్టు విడవలేదు. ఆమె దాన్ని పట్టించుకోవడం మానేసింది.

ఆదివారం పొద్దున్నే బల్లకు కాళ్ళు బిగించి మళ్ళీ భోజనాల హాల్లో నిలబెట్టారు. చంద్రమ్మ వచ్చి, హాస్టల్ వంటింట్లో బగారన్నం, కోడికూర చేసింది. పొగలు కక్కే గిన్నెను రెండు చేతులా పట్టుకుని తిన్నగా బల్ల దగ్గరికి వచ్చేసింది.

"ఆగండాగండి చంద్రమ్మ గారూ! వేడిది స్టూలు మీద పెట్టండి. పూత గట్టిపడటానికి ఇంకో వారం పడుతుంది. కంచాలకైతే భయం లేదు."

చంద్రమ్మ గిన్నె దించి, చెయ్యి తుడుచుకుని, బల్ల ఈ కొసనుంచి ఆ కొసదాకా అరచేత్తో నిమిరింది. పిల్లలందరూ ఆ చేతినే చూశారు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"మస్తు నున్నగున్నది అక్కా! ఎవరేసిన్రు?"

"నేనే," అంది హైమవతి. "మొదటిసారి చెడగొట్టాను, రెండోసారి కుదిరింది."

కంచాలు చప్పుడు చేస్తూ వరసగా వచ్చి కూర్చున్నాయి. ఒకళ్ళ మోచెయ్యి ఒకళ్ళకు తగులుతోంది, అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. పింకీ ఆఫీసు కబుర్లు చెబుతుంటే ఎవరూ ఫోను తియ్యలేదు. చంద్రమ్మ వడ్డిస్తూ హైమవతి దగ్గరికొచ్చి, కంచంలో ఇంకో ముక్క వేసింది.

"మా ఇంటి తలుపులకు సుత గిట్లనే ఎయ్యరాదు అక్కా?"

హైమవతి ముక్క నంజుకుంటూ అంది, "ఎప్పుడు రమ్మంటారు?"