పేరు లేని మగపిల్లవాడు

పాలసీసాల పెట్టెను ట్రక్కు తలుపు కింద బోర్లించి, లాయల్ హెవెనర్ అక్కను చంకల కింద పట్టుకుని పైకెత్తాడు. ఓర్పా బరువేమీ లేదు. ఊపిరే ఆవిడకు బరువు. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంది.

"మెల్లగారా. నేనేం మీ ఫ్యాక్టరీ కోడిని కాదు."

"కోడివైతే ఈపాటికి పని అయిపోయేది," అన్నాడు లాయల్.

కోళ్ళ ఫ్యాక్టరీలో సగం ఆయుష్షు మాంసం కోసి అతని వేళ్ళు కొంకర్లు పోయాయి. స్టీరింగును అరచేతులతోనే తిప్పుతాడు. ఇక పనికి రావద్దన్నారు. పింఛను కావాలంటే పుట్టిన కాగితం తెమ్మన్నారు. కొండమీద మంత్రసాని చేతుల్లో పుట్టినవాడికి కాగితమెక్కడిది? తేదీ రాసుకున్న బైబిలు ఇంటితోపాటే కాలిపోయింది. అతను పుట్టడం చూసినవాళ్ళలో మిగిలింది ఓర్పా ఒక్కతే. ఆవిడను మంచం దిగొద్దన్నాడు డాక్టరు. దారి పొడుగునా లాయల్ రోడ్డుకంటే ఆవిడ ఛాతీనే ఎక్కువ చూశాడు.

కౌంటీ కచేరీ మెట్లెక్కడం ఆవిడ వల్ల కాలేదు. గుమాస్తా డ్రీమా పుట్టుకల పుస్తకం చంకన పెట్టుకుని ట్రక్కు దగ్గరికే వచ్చింది.

"నీ పేరుతో లేదు బాబాయ్. మీ నాన్న పేరుతో వెతికా. ఇదిగో, మగపిల్లవాడు, పేరు లేదు. అప్పట్లో బిడ్డ నిలబడేదాకా పేరు పెట్టేవాళ్ళు కాదుగా! పెద్దమ్మా, ఈయనే ఆ బిడ్డని ప్రమాణం చేసెయ్యండి. ఇప్పుడే కాగితం ఇచ్చేస్తా."

లాయల్‌కు ప్రాణం లేచొచ్చింది.

"మా చర్చి సంఘంలో ఒట్టు వెయ్యరు," అంది ఓర్పా.

"ఒట్టు వద్దులే. నిజమని చెబితే చాలు."

"ఏ సంవత్సరం?"

డ్రీమా చెప్పింది.

"వీడు కాదు. వీడి ముందువాడు. పుట్టిన వారానికే పోయాడు."

"ఏడాదే కదక్కా తేడా! ఎవడడుగుతాడు? వాడు పోయాడు, నేను బతకాలి."

డ్రీమా విననట్టు వీధివైపు చూసింది. ఓర్పా పెదవులు నీలంగా మారాయి.

"వాడికి రాయి పాతలేదు. పేరు పెట్టలేదు. లోకంలో వాడికున్నది ఆ పుస్తకంలోని ఒక్క వరసేరా. అదీ నువ్వు తీసుకుంటే వాడు పుట్టనట్టే."

లాయల్ తలుపు మీద అరచేత్తో కొట్టాడు. "నువ్వు పోతే నేనూ పుట్టనట్టేనే!"

ఓర్పా తమ్ముడి కేసి తిరిగింది.

"అందుకేగా లేచొచ్చాను. రాసుకో పిల్లా."

పుస్తకంలో లేనివాళ్ళకు, పుట్టడం చూసినవాళ్ళ సాక్ష్యం రాసుకుని కాగితం ఇస్తారు. డ్రీమా ట్రక్కు ముందు భాగం మీద తెల్లకాగితం పరిచింది. ఓర్పా ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంది. ఆగినప్పుడల్లా లాయల్ కూడా ఊపిరి బిగబట్టాడు.

"మరుసటేడు ఫిబ్రవరి. కిటికీ దాకా మంచు. వీడు చెప్పంత ఉన్నాడు. బూట్ల పెట్టెలో దూది పరిచి, పొయ్యి తలుపు దగ్గర పెట్టాం. పిల్లిని తోలుతూ నేనే కాపలా. ఏడుస్తుంటే బతికున్నాడనుకునేదాన్ని. ఒకటే ఏడుపు. ఇప్పటికీ మానలేదు."

డ్రీమా నవ్వింది. లాయల్‌కు నవ్వు రాలేదు.

ఓర్పా సంతకం చేస్తుంటే అక్షరాలు కిందికి జారిపోయాయి. డ్రీమా లోపలికి పరిగెత్తింది. మధ్యాహ్నానికి కచేరీ మూసేస్తారు. చాలాసేపటికి, ముద్ర తడి ఆరని కాగితం ఊదుకుంటూ వచ్చింది. లాయల్ దాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"చూశావా, అబద్ధం లేకుండానే అయింది," అంది ఓర్పా దారిలో.

అతనికి కోపం ఇంకా తగ్గలేదు. ఈసారి రోడ్డు వైపే చూస్తూ నడిపాడు.

వంతెన దాటాక పక్కకు చూశాడు. ట్రక్కు రోడ్డు వారన ఆపాడు. దుంగల బండి ఒకటి పక్కనుంచి మోత చేసుకుంటూ వెళ్ళింది. అది వెళ్ళాక కూడా ఆవిడ ఛాతీ లేవలేదు.

"అక్కా," అన్నాడు. "సరేలేవే, నువ్వన్నదే నిజం."

ఆవిడ ఒళ్ళో, బిగిసిన పిడికిట్లో, కచేరీ కలం ఉంది. ఎవరూ పట్టుకుపోకుండా దాని చివర కట్టిన ఎర్ర ప్లాస్టిక్ పువ్వు, కిటికీ గాలికి కొద్దికొద్దిగా ఊగుతోంది.