మిగిలిపోయిన బోల్టు

“అక్కడ కాదు, ఇక్కడ!” అన్నాడాయన బండి కింది నుంచి.

ఆమె టార్చి వెలుగుని జానెడు పక్కకి జరిపింది.

“అబ్బా, నేను చూస్తున్న చోట వెయ్యమంటున్నా!”

ఆయన ఎటు చూస్తున్నాడో తెలియాలంటే ముందు ఆయన మొహం కనపడాలి. ఆమెకి కనపడుతున్నవి రెండు కాళ్ళూ, ఒక చెప్పూ. పెళ్ళయి పధ్నాలుగేళ్ళయినా మొగుడి చూపు ఎటుందో ఆయన కాళ్ళని బట్టి కనిపెట్టలేకపోవడం తన లోపమేనేమోనని ఒక్కో ఆదివారం ఆమెకి నిజంగానే అనుమానం వచ్చేది.

ఆ బండిని కొన్ననాటికే దాని వయసు ఇరవై రెండేళ్ళు. ఎవరో ఫ్యాక్టరీ యజమాని కొండలూ గుట్టలూ ఎక్కడానికి ముచ్చటపడి తెప్పించుకున్నదట. తోలు సీట్లు, లోపలంతా చెక్క పనితనం, మీట నొక్కితే ఒళ్ళు విరుచుకుని పైకి లేచే గాలి సస్పెన్షన్. ఈ ఇంటికొచ్చాక అది ఎక్కిన కొండ అంటూ ఉంటే, అది గేటు ముందున్న ర్యాంపు. పోర్టికో నిండా పరుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా అందరిచేతా సేవలు చేయించుకుంటుంది కనక అత్తగారు దానికి ‘దొరగారు’ అని పేరు పెట్టింది. ఆ పేరు ఇంట్లో ఇంకొకరికి కూడా సరిపోతుందని ఆమెకి తోచింది గానీ పైకి అనలేదు.

“మెకానిక్కులంతా దోచుకునేవాళ్ళే. మన బండి మనమే బాగుచేసుకోవాలి,” అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన ఫోనులో వీడియో పెట్టి, అందులో మాట్లాడే మనిషి సాగదీస్తున్నాడని విసుక్కుని, జాగ్రత్తలు చెప్పే భాగమంతా ముందుకి జరిపేసి, పానా పట్టుకుని బండి కిందికి దూరేవాడు. ఆమె టార్చి పట్టుకునేది. అడిగిన పానా అందించేది, అది కాదని ఆయన అంటే ఇంకోటి అందించేది, మొదటిదే కావాలంటే మళ్ళీ అదే అందించేది. విప్పిన బోల్టుల్ని కోడిగుడ్ల అట్ట ట్రేలో ఒక్కో గుంటలో ఒక్కొక్కటి పెట్టి, పక్కన పెన్సిలుతో నంబరు వేసేది. ఆ తర్వాత గ్రీజు చొక్కా రెండు సార్లు ఉతికేది. “మా ఆవిడ కూడా సాయం చేస్తుంది, టార్చి పట్టుకుంటుంది,” అని ఆయన స్నేహితులతో మురిపెంగా చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు కనక ఆమెకి ఎందుకు చురుక్కుమనేదో తెలిసేది కాదు.

అంతా బిగించాక ట్రేలో ఒకటో రెండో మిగిలేవి.

“కంపెనీ వాళ్ళు ముందుజాగ్రత్తగా ఎక్కువేస్తారు,” అని ఆయన వాటిని ఖాళీ కాఫీపొడి సీసాలో వేసి, స్నానం చేసి, భోంచేసి, మధ్యాహ్నం గంటన్నర గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

ఆ గంటన్నరలో ఆమె మళ్ళీ విప్పి బిగించేది.

మొదటిసారి ఎందుకు చేసిందో ఆమెకే తెలీదు. బండి తలుపు లోపలి అట్ట బిగించాక రెండు మరలు మిగిలాయి. గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ రెండు మరలే కళ్ళ ముందు ఆడాయి. చేతులు తుడుచుకుని వెళ్ళి పెట్టొచ్చింది. తలుపు గలగలమనడం మానేసింది. నిద్ర లేచిన ఆయన తలుపు రెండు సార్లు వేసి తీసి, “విన్నావా? చేతిలో విద్య ఉండాలే,” అన్నాడు. ఆమె విన్నది. మర్నాడు ఆఫీసులో ఆ బండి రిపేరు పుస్తకం నాలుగు వందల పేజీలూ ప్రింటు తీసుకుంది. ఆఫీసులో ఆమె రాసే రిపోర్టుల మీద సెక్షన్ హెడ్ సంతకం పెట్టి పైకి పంపుతాడు కనక, చేసింది ఒకరైతే పేరు ఇంకొకరికి రావడంలో ఆమెకి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

దొరగారు తెల్లవారేసరికి వెనక ఎడమ కాలు ముడుచుకుని కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు ఆయన మూడు ఆదివారాలు గాలి కంప్రెసర్‌తో కుస్తీ పట్టాడు. మూడో ఆదివారం ఆమె ఆయన నిద్రపోయాక సబ్బునీళ్ళు కలిపి గొట్టాల మీద చల్లింది. ఒక అతుకు దగ్గర చిన్న చిన్న బుడగలు లేచాయి. అతుకు బిగించింది. మర్నాడు పొద్దున బండి నాలుగు కాళ్ళ మీదా నిలబడింది.

“నిన్న కంప్రెసర్‌ని ఒక్కటిచ్చాను, దారికొచ్చింది,” అన్నాడాయన పళ్ళు తోముకుంటూ.

చుట్టాల్లో పేరు మోగిపోయింది. ఆ పేరు విని ఆమె చెల్లెలి మొగుడు కూడా అలాంటిదే ఇంకో బండి కొన్నాడు. కొన్న నెలకే దాని ముందు బ్రేకులు కీచుమన్నాయి. ఆదివారం పొద్దున్నే ఆ మరిది చెల్లెలితో, ఇద్దరు పిల్లలతో దిగాడు. “అన్నయ్యా, బ్రేకు ప్యాడ్లు తెచ్చాను. మీ చేత్తో వేసేయండి. భోంచేసి ఇటునుంచి ఇటే కొండమీద గెస్ట్‌హౌస్‌కి పోతాం,” అన్నాడు.

చక్రాలు విప్పేటప్పుడు ఆమె అక్కడే ఉంది. బ్రేకుల బోల్టులు నాలుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ట్రేలో నంబర్లు వేసింది. తిరిగి బిగించే వేళకి అత్తగారు లోపల్నుంచి, “అమ్మాయ్, పొయ్యి మీద మాడుతోంది!” అని కేకేసింది. ఆ తర్వాత ఆరుగురికి వడ్డించడం, ఎత్తడం, తుడవడం. ఆమె మళ్ళీ పోర్టికోలోకి వచ్చేసరికి చక్రాలు ఎక్కేశాయి, పిల్లలు వెనక సీట్లో కొట్టుకుంటున్నారు, మరిది తాళంచెవి పెట్టాడు.

ట్రేలో నాలుగో గుంటలో బోల్టు ఉంది.

ఆమెకి ముందుగా వచ్చిన ఆలోచన చెప్పేద్దామని కాదు. ఎవరికీ తెలియకుండా నలభై నిమిషాలు ఎలా సంపాదించడమా అని. అలా ఎందుకొచ్చిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి అంతుపట్టలేదు.

“టీ తాగి వెళ్ళండి,” అంది.

“ఇప్పుడేగా తిన్నాం వదినా.”

“పిల్లలకి నిద్రొస్తున్నట్టుంది.”

“మాకేం రావట్లేదు!” అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

ఆమె మొగుడి వైపు తిరిగింది. “పోనీ మీరు కాసేపు నడుం వాల్చండి.”

“వాళ్ళు వెళ్తుంటే నేను పడుకోవడమేమిటి? మతి గానీ పోయిందా?”

పోయిందేమో. బండి వెనక్కి కదిలింది. ఆమె ఒక్క అంగలో వెళ్ళి అరచేత్తో బానెట్ మీద దభీమని కొట్టింది. “ఆపు! పిల్లల్ని దింపు. బ్రేకు బోల్టు ఒకటి పడలేదు. కొండ దిగేటప్పుడు ఊడొస్తుంది.”

“అది ఎక్స్‌ట్రా,” అన్నాడాయన నవ్వుతూ. “కంపెనీ వాళ్ళు...”

“కంపెనీ వాళ్ళు ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యరండీ. మీరు మిగిల్చినవన్నీ మీరు నిద్రపోయాక నేనే బిగించాను.”

ఆ సీసా ఇన్నాళ్ళూ ఎందుకు నిండలేదో ఆయనకి అప్పుడు తట్టినట్టుంది. “అన్నీనా?” అన్నాడు.

ఆమె ఆలోచించింది. ఉన్నమాట చెప్పాలి కదా. “సీటు కవర్లు మీరే వేశారు.”

ఎవరూ నవ్వలేదు. ఆమె జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం విప్పింది. ఎడమ బ్రేకు ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. మరిది అది చూసి మెట్టు మీద కూలబడ్డాడు. చెల్లెలు పిల్లల్ని దగ్గరకి లాక్కుంది.

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అది ఉంటే ఆమెకి తేలికయ్యేది.

“అవునక్కా, ఎందుకు చెప్పలేదు?” అంది చెల్లెలు.

ఆయన పరువు కాపాడ్డానికనుకుంది ఆమె, పానా తిప్పుతూ. అది సగమే. వారం మొత్తంలో ఆ గంటన్నర ఆమెని ఎవరూ పిలవరు. బండి కింద చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, బిగించింది బిగించినట్టు నిలబడుతుంటే చూడటం ఆమెకి బాగుండేది. చెబితే అది కూడా ఇంటిపనుల్లో కలిసిపోతుందేమోనని భయం. అలాగని మొగుడి చేతికి లేని విద్య ఉందని ఊరంతా నమ్మేదాకా, పిల్లలు దాన్ని నమ్ముకుని కొండెక్కబోయేదాకా నోరు మూసుకోవడం మంచితనమా, దొంగతనమా? ఆమెకి తేలలేదు. బోల్టు మాత్రం పుస్తకంలో చెప్పినంత బిగువుగా కూర్చుంది. రెండో చక్రం కూడా విప్పి చూసింది.

అప్పుడు అత్తగారు గుమ్మంలోంచి తీర్పు చెప్పింది: “ఇంకేం మరి, ఇకనుంచి ఆ పని కూడా అమ్మాయే చూసుకుంటుంది. నీకు నడుం నొప్పి తప్పుతుందిరా.”

ఆ భయం నిజం కావడానికి ఆమె భయపడినంత సేపు కూడా పట్టలేదు.

మరిదికి ప్రాణం కుదుటపడింది. “వదినా, మా బాస్‌కి కూడా ఇలాంటి బండే ఉంది. వచ్చే ఆదివారం తెమ్మంటారా?”

“అడిగి చెప్తాను.”

“అన్నయ్య ఇక్కడే ఉన్నాడుగా, ఇప్పుడే అడగండి.”

ఆమె మోకాళ్ళ మట్టి దులుపుకుని లేచింది. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన తల ఊపడానికి సిద్ధంగానే ఉన్నాడు.

“ఆయన్ని కాదు. నన్ను,” అంది. “ఏమంటానో నాకూ తెలీదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.”