సాక్ష్యంలో చెప్పని సంగతి

దయారత్నం ఇప్పుడు అమీర్‌పేట చర్చిలో చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చుంటున్నాడు. ప్రోస్టేట్ ఆపరేషన్‌తో క్యాన్సర్ పోయింది. దాంతోపాటే మూత్రం మీద పట్టూ పోయింది. దగ్గితే చాలు, లేచి నిలబడితే చాలు, ప్యాడ్ తడుస్తుంది. ఇరవై ఏళ్లు సోలో పాడిన క్వయర్‌ని అందుకే వదిలేశాడు.

ఆ సోలో ఇప్పుడు విన్సెంట్‌ది. అతనిదీ అదే ఆపరేషన్, అదే అవస్థ. కానీ ఈస్టర్‌నాడు లేచి సాక్ష్యం చెప్పాడు: "ఇంట్లకెళ్లి బయటికి రానోణ్ని, ఇయ్యాల మీ ముంగట నిలబడ్డ. ప్రభువు నన్ను ముట్టిండు."

సంఘమంతా ఆమెన్ అంది. దయారత్నం పెదవులు మాత్రమే కదిలాయి.

అప్పటినుంచి ఒకటే రంపపు కోత. విన్సెంట్ ఏనాడూ రిహార్సల్‌కి వేళకు రాలేదు. శ్రుతి తప్పి, పక్కవాడి వైపు ఉరిమి చూసేవాడు. అలాంటివాణ్ని ముట్టిన చేయి, శుక్రవారాలు ఉపవాసమున్న తనను ఎలా దాటిపోయింది? ఈ కారడం ఆగడానికి ఇంకో ఆపరేషన్ ఉందని పంజాగుట్ట డాక్టరు రాసిచ్చిన కాగితం పర్సులోనే నలుగుతోంది. దాన్ని విప్పితే, దేవుడు తనను కాదన్నాడని సంతకం పెట్టినట్టే.

"విన్సెంట్ గారు గంటసేపు నిలబడే పాడారండీ," అంది భార్య అమృతమ్మ ఒక ఆదివారం ఆరాధన ముగియగానే. దయారత్నం ప్యాడ్ మార్చుకోడానికి చర్చి వెనక బాత్రూంకి వెళ్లాడు.

తలుపుకి గడియ పడలేదు, తోస్తే తెరుచుకుంది. లోపల విన్సెంట్, కింద వేళ్లతో ఏదో నొక్కుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అప్పుడు ధార మొదలైంది.

"ఏందన్నా, గట్ల చూస్తున్నవ్? లోపల మిషన్ పెట్టిండ్రు. మూత్రనాళం చుట్టూ పట్టీ ఉంటది. వృషణాల తిత్తిల ఉన్న పంపు నొక్కితే వదులైతది. జరసేపటికి దానంతటదే బిగుసుకుంటది."

"మరి ప్రభువు ముట్టాడన్నావ్!"

"డాక్టర్ చేతుల మీదుగనే ముట్టిండు. పంపు ఏడుందో సంఘం ముంగట చూపియ్యాల్నా?"

కోపం రావలసిన చోట దయారత్నానికి నవ్వొచ్చింది. నవ్వితే తడిసింది. అయినా నవ్వాడు. తనను ఎవరూ దాటిపోలేదు.

విన్సెంట్ చేతులు కడుక్కుంటూ అద్దంలోంచి చూశాడు. "అయితే నువ్వు సుత చేయించుకుంటవా? మళ్ల క్వయర్లకొస్తవా?"

ఆ గొంతులోని మంటను దయారత్నం వెంటనే గుర్తుపట్టాడు. ఈస్టర్ నుంచి తనను కాలుస్తున్నదే అది. ఈ మధ్య అంత తియ్యటి మాట అతను వినలేదు.

"వస్తాను. ఆపరేషనయ్యాక ఎన్నాళ్లకు నొక్కనిస్తారు?"

"ఆరు వారాలు," అన్నాడు విన్సెంట్ అయిష్టంగా.

దయారత్నం పర్సులోంచి కాగితం తీశాడు. క్రిస్మస్ రిహార్సళ్లకు ఇంకా చాలా టైముంది.