చౌడయ్య వేలు, నా ఎర్ర వెలుగు

నేను ఒక లేజరు యంత్రాన్ని. బియ్యం డబ్బా అంత ఉంటాను. నాలో నిప్పు లేదు, కత్తి లేదు. ఉన్నదల్లా సన్నని ఎర్ర వెలుగు. చెయ్యి పెడితే వెచ్చగా కూడా తగలదు.

నన్ను మొదట కొన్నది పట్నంలో అందాల దుకాణం పెట్టినాయన. బట్టతలల మీద నా వెలుగు పోయించాడు. తలలు మెరిశాయి, అంతే. విసుగొచ్చి అమ్మేశాడు. అలా చీరాలలో షుగరు డాక్టరమ్మ బల్ల మీదికి చేరాను.

అక్కడికొచ్చాడు చౌడయ్య, చీరలు నేసే మనిషి. కుడికాలి బొటనవేలి కింద పుండు. మగ్గం గుంటలో తొక్కుడు చెక్క మేకు దిగింది. షుగరుతో కాలికి స్పర్శ పోయింది కదా, ఆయనకు తెలియనే లేదు. చెక్క మీద నెత్తురు చూసి భార్య సుబ్బరత్నం కేకేసింది. అప్పటినుంచి పుండు మానలేదు.

"ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలి చౌడయ్యగారూ," అంది డాక్టరమ్మ.

"వేలు పోతే చెక్క మీద పట్టు ఏడుంటదమ్మా?" అన్నాడు.

పుండు కడిగి నన్ను వెలిగించారు. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"దండం తర్వాత బాబాయ్, ముందు నల్లద్దాలు పెట్టుకో," అంది నర్సు.

"వేడే లేదు. ఇదేం వైద్యమే?" అని గొణిగాడు.

"వేడంతా నీ నోట్లో ఉందిగా. కదలకుండా కూర్చో," అంది సుబ్బరత్నం.

నేను చర్మం దాటి లోపలికి పోయాను. అక్కడ చూసింది ఎలా చెప్పను! కంటికి ఆనని కణాలు, ఊళ్లకు ఊళ్లు. ఒక్కో కణంలో పిసరంత పొయ్యిలు. పాకంలా చిక్కబడ్డ నెత్తురు మధ్య అవి నివురుగప్పి ఉన్నాయి. నా వెలుగు సోకగానే ఒకటి రాజుకుంది. తర్వాత పక్కది. బద్ధకించిన కణాలు కదిలాయి, ఒకటి రెండయింది. పుండుకు ఈ ఒడ్డునుంచీ ఆ ఒడ్డునుంచీ బయల్దేరి, పోగులు వదులుతూ నడిచొచ్చాయి. మగ్గం లేని నేత! నేను నేర్పిందేమీ లేదు. తట్టి లేపాను. మిగతాది మందులూ, కట్టూ, తిండిలో పత్యమూ చూసుకున్నాయి.

పుండు చుట్టూ లేత గులాబీ అంచు తేలింది. అంతలో ఓ ఉదయం కట్టు ఎర్రగా తడిసొచ్చింది. లోపలికి పోయి చూద్దును గదా, నేసిందంతా చినిగిపోయింది.

"సగం చీర మగ్గం మీదుంటే ఇంటికి అరిష్టమంట. నేను నీళ్లకి పోగానే గుంటలో దిగిపోయాడమ్మా ఈ మనిషి!" అంది సుబ్బరత్నం.

"ఇంకొక్కసారి చూస్తాను. మళ్లీ తొక్కితే ఆ వేలు నాది," అంది డాక్టరమ్మ.

చౌడయ్య తల దించుకున్నాడు. "మరి చీరో?"

"నేను దిగుతా," అంది సుబ్బరత్నం.

"నూలు కండెలు చుట్టేదానివి, నువ్వేం నేస్తావే?"

"చుట్టింది చేతులతో. కాళ్లు ఖాళీయేగా!"

ఆ తర్వాత వచ్చినప్పుడల్లా నా ముందే తగువు. అంచు వంకర పోతోందని ఆయన, నీ వేలికంటే నయమని ఆవిడ. ఆయన కాలు మాత్రం నేల మోపలేదు. అడుగున నా కణాలు మళ్లీ మొదటినుంచి నేసుకొచ్చాయి. ఎవరూ అదిలించకుండా, ఎవరూ చూడకుండా. చివరికి రెండు ఒడ్లూ కలిశాయి. డాక్టరమ్మ వేలు నొక్కి చూసి నవ్వింది.

అంచు వంకరని ఆ చీర నేయించిన షావుకారు వెనక్కిచ్చాడు. దంపతులు దాన్ని కత్తిరించి నాకు ముసుగు కుట్టి తెచ్చారు.

ఇప్పుడు నా బల్ల మీద కొత్త యంత్రం ఉంది. నేను బీరువా పైన, ఆ ముసుగు కింద ఉన్నాను. దాని అంచు వంకరే. చౌడయ్య వేలి కింద మచ్చా వంకరే. రెండూ ఇంతవరకు చిరగలేదు.